హాస్యనాటకమున కన్యాదాత

నందిగామనుండి జగ్గయ్యపేటకు పోవు పెద్దబాటకు ఉత్తరముగా, మునేటి యొడ్డున పెనుగంచిప్రోలను గ్రామము కలదు. తిరుపతమ్మవారి తిరునాళ్లకు పోయినవారందఱును ఆ యూరి నెఱుగుదురు. విజ్ఞాన చంద్రికా మండలిని నడపిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరమున జన్మించిన దచ్చటనే. ఆయన యక్కగారగు భండారు అచ్చమాంబగారు 1874లో ఈ నందిగామ సీమయందే జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు మునగాల సంస్థానమున దివానుగా నుండెడివారు. నలుదిక్కుల నైజాము భూములే యున్నను ఆ మునగాల పరగణా నాడు నందిగామ తాలూకాలోనిదే. కుమార్తె కాఱేండ్ల ప్రాయమున నాయన గతించెను. పదియవయేట నామెకు వివాహము చేసిరి. ఆమె పెండ్లియైన పిమ్మటనే చదువు నేర్చి, "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను రచించి, 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజ స్థాపనమునకు తోడ్పడి, 1905లో ముప్పదియేండ్లకే కీర్తిశేషురాలయ్యెను.

ఆ తండ్రి జీవించియుండినచో పదేండ్ల బిడ్డను పెండ్లిపీటలపై కూర్చుండబెట్టునపుడు ఏమనుకొని యుండెడివాడు? ఆ కాలపు తండ్రులు కాగితములపై వ్రాసి పెట్టినవి ముహూర్తములును రొక్కపు లెక్కలును మాత్రమే. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహముల పట్టిక నొకదానిని విజయనగర మహారాజావారు వ్రాయించిరి. దాని సంగతి గురజాడ అప్పారావుగారు తమ పీఠికలో తెలిపియున్నారు. మొత్తము వివాహములు 1034. వానిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3. ఇన్ని యంకెలున్న యా పట్టికలో తండ్రి మనస్సున కొక గడి లేదు. ఆ గడిని పూరించినది హాస్యనాటకము.

"కన్యాశుల్కము" 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, పెంపొంది మాఱి 1909లో మరల వెలువడినది. నేడు మనము చదువునది ఈ రెండవ కూర్పే. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని పదునెనిమిది వందల రూపాయలకు వృద్ధుడగు లుబ్ధావధానుల కీయ నిశ్చయించినాడు. పెద్దకూతురు బుచ్చమ్మను ముందే యిట్లమ్మగా నామె విధవయై యింటనే యున్నది. భార్య వెంకమ్మ నూతిలో పడుటకైనను సిద్ధపడినది. బావమఱది కరటకశాస్త్రి అడ్డుపడుచున్నాడు. ఈతడో అఱచుచున్నాడు.

ప్రేక్షకు లీయఱపునకు నవ్వుదురు, నవ్వదగినదే. అయినను నాకొక సందేహము. తాను చేయునది సరియైనదని నిశ్చయముగా నమ్మినవాని కంత కేక యెందులకు? బుచ్చమ్మ ప్రతిదినము కన్నులయెదుట తిరుగుచుండగా, సుబ్బి గతి యేమగునో ఆతడెఱుగని వాడు కాడు. ఎఱుగుదునని యొప్పుకొన్నచో పదునెనిమిది వందలును పోవును. కావుననే యాతని కోపము భార్యపై ఎంతయో తనపైనను అంతయేనని నాకు తోచును. వాత్సల్యము లేని తండ్రిగా నీతనిని చిత్రించినచో నాటకము తేలికయై పోవును. గురజాడవా రాపని చేయలేదు.

పాశ్చాత్యులలో మోలియేరను ఫ్రెంచి నాటకకర్త 1668లో లోభిని గూర్చి యొక హాస్యనాటకమును రచించెను. అందలి తండ్రి హార్పగాను, కట్నము లేకుండ చేసికొందునను వయస్సు మీఱిన వరుడు దొరకగానే కూతు నాతని కిచ్చుటకు పూనుకొనును. ఎవరే యాక్షేపణ తెచ్చినను "కట్నము లేదుగదా" యను నొక్క సమాధానమే. అచ్చటి తండ్రికి కూతురు వ్యయము, మన యవధానికి ఆదాయము.

మన ప్రాచీనులలో కణ్వమహర్షిని తలపక తీఱదు. ఆయన కన్నతండ్రి కాడు, పెంచినవాడు, విరాగి. అయినను శకుంతలను పంపునపుడు కంట నీరు పెట్టుకొనెను. పంపిన పిమ్మట, కన్య పరుల సొత్తు గదా, అప్పగించితినని యూరట చెందెను. దుఃఖమును ఊరటయు నొక్క గడియలోనే. ఆ యూరట మాటలోనే సొత్తు, అప్పగింత యను వర్తకుల పలుకుబడి దొరలినది. మునిపుంగవుడు బిడ్డ నమ్మలేదు. కాని బిడ్డను సొమ్ముగా చెప్పు భాష ఆశ్రమములోను వాడుకలో నుండెను. ఆ భాష అగ్రహారమునకు వచ్చునప్పటికి దానికి ధర కట్టుట మాత్రమే మిగిలినది.

ఇక నా మనస్సును మిక్కిలి కలచిన ఘట్టమును చెప్పెదను. మేనకోడలిని రక్షింపనెంచి కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి, తాను గుంటూరు శాస్త్రుల వేషమున కన్యాదాతయై, ఆ కపటకన్యను లుబ్ధావధానులకు కట్టబెట్టును. బేరము కుదుర్చును, తండ్రిగా నటించును. వేషధారి తండ్రి వేషధారి కూతు నమ్ముచున్నాడు. కొనువానికి భేద మేమియు తెలియలేదు. నిజమైన కన్యాదాతలు చేయుచుండిన దంతయు వేషగాని కంత సులభముగా పట్టుబడినదన్నమాట!

అయితే శిష్యుడీ వేషమునకు ఊరక యొప్పుకొనలేదు. పని నెగ్గినచో గురువు తన కూతు నాతని కిచ్చి యిల్లఱికము తెచ్చుకొనవలెను. కరటకశాస్త్రి వెంటనే ప్రమాణము చేయును. చదువరు లిచ్చట ఒక్కక్షణము నిలువవలెను. సుబ్బి అమ్మకమును మాన్పుటకు వచ్చిన యా మంచి మేనమామ, తన సొంత బిడ్డను కూలిగా నిచ్చుటకు రెప్పపాటైన జంకలేదు. ఆ పిల్ల రంగస్థలముపైకే రాదు. ఆమె నెవరు నడుగలేదు. ధనాశచే కూతు నిచ్చిన తండ్రిని మనము గుఱుతు పట్టితిమి. సత్కార్యమునకై కూతు నిచ్చిన తండ్రిని చూచి నవ్వి ఊరకుంటిమి. కరటకశాస్త్రి దుష్టుడని నా భావము కాదు. నాటకములో అతనివంటి సరసుడును దయాళువును అరుదు. అందుచేతనే యా ప్రమాణము మఱింత బాధించును.

కొలదికాలములోనే లెక్క తలక్రిందులైనది. ఇంగ్లీషు చదువులు, సర్కారు కొలువులు వచ్చి వరునికి వెల పెరిగినది. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణ డెల్టాలో మాగాణి విలువ హెచ్చినది. మునేఱు పాలేఱుల నడుమనున్న ఈ మెట్టసీమ మాత్రము చాలకాలము చెఱువులను, వానలను నమ్ముకొనియే యుండెను. రొక్కము లేని తండ్రికి అమ్ముటకు మిగిలినది పొలమే. కాళ్ళకూరి నారాయణరావుగారి "వరవిక్రయము"లో పురుషోత్తమరావు చేసిన దదియే. ఆయన సజ్జనుడు, అల్లుని కొనుచున్నానని యెఱిగియే పొలమమ్మును. అగ్నిహోత్రావధానుల కోపము, కణ్వుని కన్నీరు రెండును ఆయనకు లేవు; సిగ్గు మాత్రమున్నది. ఆ సిగ్గును కనిపెట్టినది పెద్దకూతురు కాళింది. తనమూలమున తండ్రి నేల పోవుచున్నదని ఆత్మహత్య చేసికొనెను. హాస్యమునకు ప్రసిద్ధికెక్కిన నాటకమున నింత ఘోరము తగునా యని కొందఱందురు. తండ్రి లెక్కను కూతురు వినినచో నేమగునో చూపుటకు వేఱు దారి యేదియో వారే చెప్పవలెను.

బాల్యవివాహ నిరోధమునకు 1929లోను, వరకట్న నిషేధమునకు 1961లోను శాసనములు వచ్చినవి. నందిగామ జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మాఱినను కట్నపు బేరము మాఱలేదని చదువరులకు నేను చెప్పనక్కఱలేదు.

"కన్యాశుల్కము" మిక్కిలి దీర్ఘమైనది. దానిని కుదించియే యాడుట పరిపాటి. ఇకమీద దానిని ప్రదర్శింపదలచు యువకులకు నాదొక మనవి. ఏ ఘట్టమును తగ్గించినను, శిష్యునకు కూతు నిత్తునని కరటకశాస్త్రి ప్రమాణము చేయుచోటును తీసివేయకుడు. ఆ చోట సభలోని తండ్రులు నవ్వుదురో, నవ్వి ఆగుదురో గమనింపుడు.