ఇంజన్ ఆయిల్‌కు సాక్ష్యం ఎవరు?

కందెన లేని బండికి కావలసినంత సంగీతం అని మన సామెత. ఇరుసుకు ఆముదం రాసిన కాలంలో ఆ నూనె మంచిచెడ్డలకు బండివాడే తీర్పరి. ఇరుసు కీచుమంటే కందెన చాలలేదని అతనికి తెలిసిపోయేది. మోటారు ఇంజను అట్లా ముందుగా చెప్పదు. చప్పుడు వినిపించేనాటికి లోపల జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. కనుక డబ్బాలోని నూనె గుణానికి ఎవరు సాక్ష్యం చెప్పాలన్న ప్రశ్న మోటారు యుగంతోపాటే పుట్టింది.

తొలిదశలో అమ్మేవాని మాటే ప్రమాణం. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన సంస్థ, ఖనిజ తైలంలో ఆముదం కలిపిన నూనెను 1909లో విడుదల చేసింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న 'కాస్టర్' అనే పేరునుంచే 'కాస్ట్రాల్' అన్న మాట ఏర్పడింది. 1911లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘం నూనెలను చిక్కదనాన్నిబట్టి వర్గీకరించింది. చిక్కదనం ఒక్కటే చాలదని గ్రహించి, 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూడు తరగతులను ఏర్పరచింది. తరువాతి దశాబ్దాలలో మెర్సిడెస్ బెంజ్, వోక్స్‌వాగన్ వంటి కార్ల తయారీదారులు తమ సొంత పరీక్షలు పెట్టి, నెగ్గిన నూనెలకు ఆమోదం ఇవ్వసాగారు.

ఈ రాజమార్గం పక్కనే చిన్న సంస్థల కాలిబాట ఒకటి సాగింది. 1972లో అమెరికాలో ఆమ్‌సాయిల్ సంస్థ విమాన ఇంజన్ల నూనెల పద్ధతిలో ఎస్టర్లతో కృత్రిమ నూనెను కార్లకు అందించింది. 1979లో మొదలైన రెడ్ లైన్ సంస్థ పందెపు కార్లను దృష్టిలో పెట్టుకొని ఎస్టర్లనే ఆశ్రయించింది.

ఇంతకూ ఈ రెండింటి పాకంలో భేదమేమిటి? ఏ నూనెలోనైనా అధికభాగం మూలతైలమే. మిగిలినది మడ్డిని కడిగే, అరుగుదలను ఆపే రసాయన ద్రవ్యాలు. ఎస్టర్ లోహాన్ని అంటిపెట్టుకొంటుంది, వేడికి ఓర్చుకొంటుంది. అయితే అరుగుదలను ఆపే జింకు, భాస్వరాల ద్రవ్యం కూడా ఆ లోహతలం మీదనే నిలవాలి. చోటుకోసం రెండింటికీ పోటీ ఏర్పడుతుంది. ఒక గుణాన్ని పెంచబోతే మరొకటి తగ్గే ప్రమాదం పాకంలోనే ఉన్నది.

ఆ భాస్వరమే అసలు వివాదస్థానం. అది ఇంజనుకు రక్ష, పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్‌కు శత్రువు. కనుక అమెరికా, జపాను కార్ల తయారీదారుల ఉమ్మడి ప్రమాణం దాని పరిమితిని 1996లో 0.10 శాతానికి, 2004లో 0.08 శాతానికి తగ్గించింది. ఆమోదం కోరే నూనె ఈ ఒడంబడికకు లోబడాలి. ఆమోదం వచ్చేది పరీక్షించిన ఆ పాకానికే. పాళ్లు మారిస్తే, నియమాలు అనుమతించే స్వల్ప మార్పులు తప్ప, మళ్లీ ఖరీదైన పరీక్షలు తప్పవు. చిన్న సంస్థకు ఈ కట్టుబాటు లేదు. జింకు, భాస్వరం ఎక్కువ వేయగలదు, అవసరమైతే వెంటనే మార్చగలదు. కన్వర్టర్ లేని పాతకాలపు ఇంజన్లకు ఆ స్వేచ్ఛ నిజంగా మేలు చేయవచ్చు.

కాని స్వేచ్ఛకు మరో ముఖం ఉన్నది. టర్బో అమర్చిన చిన్న పెట్రోలు ఇంజన్లలో ఇంధనం వేళకు ముందే మండి పిస్టన్లు పగిలే సందర్భాలు కనిపించాయి. నూనెను శుభ్రంగా ఉంచడానికి వేసే కాల్షియం ద్రవ్యమే అందుకు తోడ్పడుతున్నదని పరిశోధనలలో తేలింది. 2018లో వచ్చిన కొత్త ప్రమాణం దీనికి ప్రత్యేక పరీక్ష విధించింది. ఏ గుణవంతమైన ద్రవ్యం ఎక్కడ ఎదురుతిరుగుతుందో ఇంజను మీద పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఆమోదముద్ర నూనె సర్వోత్తమమని చెప్పదు. నిర్ణీత పరీక్షలలో నిలిచిందని మాత్రమే సాక్ష్యమిస్తుంది. ముద్ర లేనంతమాత్రాన నూనె చెడ్డదీ కాదు. కాని అక్కడ సాక్షి అమ్మేవాడే. డబ్బా మీద 'ఆమోదం పొందినది' అన్న మాట వేరు, 'ఈ ప్రమాణానికి తగినది' అన్న మాట వేరు. రెండవదాన్ని నమ్మి పోసినప్పుడు పరీక్ష జరిగేది మన ఇంజనులోనే. దాని ఖర్చు కూడా మనదే.