ఆధాసీసీ - పాత పేరు, లెక్కకు రాని నష్టం

మన న్యాల్‌కల్ సర్కిల్ 1956 వరకు బీదరు తాలూకాలోనిది. ఆ యేడే మెదక్ జిల్లాలో కలిసింది. సరిహద్దు మారినా ఇళ్ళలోని మాటలు మారలేదు. తెలుగువారి పార్శ్వపు నొప్పిని మేము నేటికీ ఆధాసీసీ అనే అంటాము.

ఈ జబ్బు కొత్తది కాదు. ఆయుర్వేదం దీన్ని అర్ధావభేదకమన్నది, యూనానీ వైద్యం షఖీఖా అన్నది. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన 'ఖానూన్'లో దీని గురించి వ్రాసియున్నారు. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా తలనొప్పికని మన ఇళ్ళకు చేరింది. 1918లో ఎర్గొటమిన్, 1991లో సుమాట్రిప్టాన్ వచ్చినవి.

మందులొచ్చినా నష్టం లెక్కకు రాలేదు. మూడు నెలలకు పైగా నెలకు 15 రోజులైనా తలనొప్పి, అందులో 8 రోజులైనా పార్శ్వపు నొప్పి ఉంటే అది దీర్ఘవ్యాధి. కంది చేలకు పోయే తల్లికి 8 రోజులు పడకంటే 8 కూలీలు పోయినట్లే. గాయం కనబడదు గనుక ఇంట్లోవాళ్ళు సాకు అంటారు. ఆమె దుకాణంలో బిళ్ళ కొని మింగి పనికి పోతుంది. నెలలో 15 రోజులు అలా మింగితే ఆ బిళ్ళలే నొప్పిని పెంచుతాయి.

సోదరులారా! నొప్పి వచ్చిన రోజులను క్యాలెండరుపై గుర్తు పెట్టి డాక్టరుకు చూపించండి. ముందుగా, ఆమె మాట నమ్మండి.