అండం విడుదలకు ముందే: అత్యవసర గర్భనిరోధక మాత్ర పనితీరు, అపోహలు

రక్షణ లేని కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే లెవోనార్జెస్ట్రెల్ మాత్ర మన దేశంలో 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. 2011లో మొదలైన ఇంటింటి పంపిణీ పథకం ఆశా కార్యకర్త ద్వారా దాన్ని రెండు రూపాయలకు అందించే ఏర్పాటు చేసింది. అయినా దాన్ని గర్భస్రావం మాత్రగా భావించేవారు చాలామంది ఉన్నారు. ఈ అపోహ రెండు వైపులా నష్టం చేస్తోందని నా వాదన. మాత్రను తప్పుపట్టేవాళ్లు దీనివల్లే అవసరమైన స్త్రీకి అడ్డుపడతారు. వాడేవాళ్లు కూడా దీనివల్లే, వచ్చిన గర్భాన్ని సైతం అది తొలగిస్తుందని నమ్మి కాలయాపన చేస్తారు.

1.5 మిల్లీగ్రాముల ఈ మాత్ర అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను ఉప్పెనను అణచి, విడుదలను వాయిదా వేస్తుంది. ఆలోగా శుక్రకణాలు శక్తి కోల్పోతాయి. చిలీ, ఆస్ట్రేలియా పరిశోధకులు రక్తంలోని హార్మోన్లను బట్టి అండం విడుదలైన రోజును లెక్కగట్టారు. విడుదలకు ముందు మాత్ర వేసుకున్నవారిలో ఊహించిన గర్భాలు రాలేదు. విడుదలయ్యాక వేసుకున్నవారిలో మాత్ర లేకుంటే ఎన్ని వచ్చేవో దాదాపు అన్నీ వచ్చాయి. పిండం గర్భాశయానికి అంటుకోవడాన్ని ఈ మందు అడ్డుకునేదైతే రెండో వర్గంలో ఆ గర్భాలు నిలిచేవి కావు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా అక్కడి మాత్ర సమాచార పత్రంలో ఈ విషయం చేర్పించింది. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ వేరే మందులు. వాటికి డాక్టరు పర్యవేక్షణ, గర్భస్రావాలకు సంబంధించిన ఎంటీపీ చట్టం నిబంధనలు ఉంటాయి.

వేళ సంగతి అంత తేలిక కాదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో మొదటి 24 గంటల్లో వేసుకుంటే రావలసిన గర్భాల్లో 95 శాతం, 49 నుంచి 72 గంటల మధ్య వేసుకుంటే 58 శాతం నివారణ అయ్యాయి. తర్వాత నాలుగు పరీక్షల సమాచారాన్ని కలిపి చూస్తే నాలుగో రోజు వరకు అంత తేడా కనిపించలేదు, ఐదో రోజు మాత్రం వైఫల్యం బాగా పెరిగింది. ఈ వైరుధ్యం త్వరపడమన్న సలహాను బలహీనపరచదు. అండం ఏ గంటన విడుదలవుతుందో ఏ స్త్రీకీ తెలియదు. ఆమె చేతిలో ఉన్నది మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నదొక్కటే. కాబట్టి షాపులో ఎదురయ్యే వంకర చూపు, రేపు రమ్మనే మాట ఆ స్త్రీకి నిజంగా గర్భం తేగలవు. చట్టపరమైన నిషేధమేదీ లేకున్నా తమిళనాడులో అనేక మందుల షాపులు ఏళ్ల తరబడి ఈ మాత్రను ఉంచడం మానేశాయి. దీన్ని నేను వైద్య నిర్లక్ష్యంగానే చూస్తాను.

సులభంగా దొరికితే విచ్చలవిడితనం పెరుగుతుందన్నది పాత అభ్యంతరం. ముందుగానే మాత్రలు చేతికిచ్చి చేసిన పరీక్షలను, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కొక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించింది. కండోమ్ వాడకం తగ్గలేదు, సుఖవ్యాధులు పెరగలేదు. మొత్తం జనాభాలో గర్భాల సంఖ్య తగ్గినట్టు కూడా తేలలేదని అదే సమీక్ష చెబుతుంది, దీన్ని దాచకూడదు. అయితే మొత్తం జనాభా స్థాయిలో మార్పు లేదన్నంత మాత్రాన, అండం విడుదలకు ముందు మాత్ర అందిన స్త్రీకి కలిగిన మేలు మాయమవదు. అత్యాచార బాధితులకు దీన్ని ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాలు చెప్పడం ఆ మేలును గుర్తించడమే.

మాత్రకు ప్రచారం చేసేవాళ్లు దాటవేసే సంగతులూ ఉన్నాయి. అండం విడుదల వాయిదా పడింది గనుక ఆ నెలలో మళ్లీ రక్షణ లేకుండా కలిస్తే ముప్పు మిగిలే ఉంటుంది. రిఫాంపిసిన్ వంటి టీబీ మందు, కొన్ని మూర్ఛ మందులు దీని బలం తగ్గిస్తాయి. ఐదు రోజుల్లోపు వేయించుకునే కాపర్ టీ 99 శాతానికి పైగా పనిచేస్తుంది, తర్వాత ఏళ్లపాటు కాపాడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం ట్యూబెక్టమీపైనే ఆధారపడ్డారు. తాత్కాలిక పద్ధతుల అలవాటే తక్కువైన ఇలాంటి చోట ఫార్మసిస్టు, ఆశా కార్యకర్త చెప్పే నాలుగు మాటలకు చాలా విలువ ఉంది. మాత్ర ఇచ్చేటప్పుడు కాపర్ టీ సంగతి చెప్పండి, రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలని చెప్పండి, నెలసరి వారం దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించుకోమని చెప్పండి.