సరిహద్దు గీసిన జీతాల బిల్లు

(ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి, పెబ్బేరు)

పెబ్బేరులో బస్సెక్కి జాతీయ రహదారి మీద దక్షిణంగా పోతే బీచుపల్లి దగ్గర కృష్ణమ్మ కనిపిస్తుంది. మనవాళ్ళు కిటికీలోంచి చిల్లర పైసలు నదిలో వేసి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటారు. అక్కడినుంచి నడిగడ్డ. ఎర్రవల్లి చౌరస్తా, అలంపురం చౌరస్తా దాటితే తుంగభద్ర. దాని అవతలి ఒడ్డున కర్నూలు. అంతా కలిపి గంటా, గంటన్నర ప్రయాణం.

ఈ కాస్త దూరంలో మన తాతలు రెండు రాజ్యాలు చూశారు. ఇవతల నిజాం రాజ్యం, అవతల కుంఫిణీ రాజ్యం. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. బట్టలు కొనడానికి కర్నూలు పోయివచ్చే మా నాయన, "కల్దారు లేకుంటె కర్నూల్ల పని గాదురా" అని చెప్పేవాడు. నది ఒకటే, భాష ఒకటే, చుట్టరికాలు రెండు ఒడ్డుల మీదా ఉన్నాయి. మరి రాజ్యాలు రెండెందుకు అయ్యాయని చిన్నప్పుడు అడిగితే ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

నేను ఖజానా శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. జీతాల బిల్లు, బకాయి, రికవరీ – నాకు తెలిసిన విద్య ఇంతే. విశ్రాంత జీవితంలో తీరికగా మన ప్రాంత చరిత్ర చదువుతుంటే ఆ పాత ప్రశ్నకు జవాబు దొరికింది. మన పక్కన సరిహద్దు పడింది యుద్ధంలో ఓడిపోయి కాదు. ఒక సైన్యానికి నెలనెలా జీతం ఇవ్వవలసి రావడం వల్ల పడింది. బకాయి అంటే ఏమిటో అనుభవం మీద తెలిసిన మన పెన్షనరు సోదరులకు, వారి పిల్లలకు ఈ కథ చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఒప్పందం, దాని ఖరీదు

1798 సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా హైదరాబాదులో ఫ్రెంచివారు శిక్షణ ఇచ్చిన సుమారు 14,000 మంది పటాలం ఉండేది. దాన్ని పెంచి పోషించిన రేమండ్ ఆ ఏడాది మార్చిలోనే చనిపోయాడు. హైదరాబాదులో మూసారాంబాగ్ అనే పేరు ఆయన మీదుగానే వచ్చిందంటారు. అక్టోబరు 22న ఆంగ్లేయ దళాలు ఆ పటాలాన్ని చుట్టుముట్టాయి. అయితే పని యుద్ధం దాకా పోలేదు. ఆ సిపాయిలకు జీతాలు బకాయి పడి ఉన్నాయి. వారప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. బకాయి ఇప్పిస్తామని హామీ దొరకగానే ఆయుధాలు కింద పెట్టారు. జీతం అందని సిపాయి ఎవరి కోసం పోరాడతాడు?

ఫ్రెంచివారి స్థానంలో ఆంగ్లేయుల సైన్యం వచ్చింది. ఆరు పటాలాల సిపాయిలు, వారి ఖర్చు కింద నిజాం సాలుకు 24,17,100 రూపాయలు చెల్లించాలి. రెండేళ్ళు తిరిగేసరికి, 1800 అక్టోబరు 12న, ఇంకొక ఒప్పందం జరిగింది. పటాలాలు ఎనిమిదికి పెరిగాయి, వాటికి తోడు రెండు అశ్విక దళాలు చేరాయి. ఏటేటా నగదు ఇచ్చే బదులు శాశ్వతంగా భూములే ఇచ్చేయమన్నారు. 1792లో, 1799లో టిప్పు సుల్తాను మీద ఆంగ్లేయులతో కలిసి యుద్ధం చేసినందుకు నిజాముకు వాటాగా వచ్చిన సీమలను తిరిగి ఆంగ్లేయులకే రాసిచ్చారు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు అలా పోయాయి. కర్నూలు నవాబు కట్టే పేష్కష్ కూడా కుంఫిణీకి మారింది. వాటినే దత్త మండలాలు అన్నారు. 1928లో చిలుకూరి నారాయణరావు గారు పెట్టిన రాయలసీమ అనే పేరు వచ్చేదాకా వాటికి అదే పేరు. ఆ భూముల మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో.

మా శాఖ భాషలో చెప్పాలంటే, జీతం బిల్లు పాస్ చేయడానికి ఆస్తిని శాశ్వతంగా జమకట్టారు. తుంగభద్ర, కృష్ణ సరిహద్దు నదులైనాయి. పెబ్బేరు ఇవతల ఉండిపోయింది.

లష్కరులో దినచర్య

ఆ సైన్యం హుస్సేన్ సాగరుకు ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో సికందర్ జా పేరుమీద ఆ దండుకు సికింద్రాబాదు అని పేరు పెట్టారు. మనవాళ్ళకు మాత్రం అది లష్కరే. తెల్లవారగానే కవాతు. తుపాకి నింపడం, వరుస కట్టడం, ఆజ్ఞ వినగానే వందలమంది ఒక్కసారిగా పేల్చడం, ఇదే శిక్షణ. మాట వినగానే ఆలోచించకుండా చేయి కదలాలి. అందుకే ఏళ్ళ తరబడి అదే పని చేయించేవారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంతోమంది. ఉత్తరదేశంలో కుంఫిణీ సిపాయికి 'తెలంగా' అనే పేరే స్థిరపడిపోయింది. ఆ కవాతు మైదానమే నేటి పరేడ్ గ్రౌండ్స్. మన రాష్ట్ర అవతరణ ఉత్సవాలు జరిగిన చోటు అదే.

సిపాయి నెలజీతం 7 రూపాయలు. 1895లో 9 రూపాయలు చేశారు. అంటే తాత, మనుమడు ఒకే జీతానికి పనిచేశారన్నమాట! అయినా యువకులు పోటీపడి చేరారు. ఎందుకంటే ఆ జీతం తప్పకుండా వచ్చేది. దేశీయ సంస్థానాల్లో నెలల తరబడి జీతం లేక ధర్నాకు కూర్చునే సిపాయిలను చూసినవారికి అదే పెద్ద భాగ్యం.

మద్రాసు సైన్యంలో ఇంకొక పద్ధతి ఉండేది. సిపాయి కుటుంబం అతని వెంటే లైన్లలో కాపురం ఉండేది. సర్వీసులో చనిపోయిన, లేదా పనికిరాకుండా పోయిన సిపాయిల కొడుకులను పటాలంలో కొద్దిపాటి జీతం మీద చేర్చుకునేవారు. వారిని 'పెన్షన్ బాయ్స్' అనేవారు. నేటి కారుణ్య నియామకానికి అది ముత్తాత అనుకోవచ్చు. ఆంగ్లేయ సైనికుల పెన్షన్ల సంగతి వేరు. బెంగాలు నవాబు మీర్ జాఫర్ తనకు రాసిచ్చిన 5 లక్షల రూపాయలతో రాబర్ట్ క్లైవు 1770లో కుంఫిణీ సైనికులకు, వారి వితంతువులకు నిధి పెట్టాడు. దాతగా పేరు ఆయనది, సొమ్ము మన దేశానిది.

లష్కరు బోనాలకు మూలం కూడా ఆ దండులోనే ఉంది. సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి పటాలంతో పాటు ఉజ్జయినికి బదిలీ అయ్యాడు. 1813లో ఇక్కడ కలరా ప్రబలిందని విని, తగ్గితే మహాకాళికి గుడి కడతానని మొక్కుకున్నాడు. తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహం నిలిపాడు. ఆలయ చరిత్ర ఇలాగే చెబుతారు. దొరల కవాతు వేడుకలు దొరలతోనే పోయాయి. డోలీ మోసిన మనిషి మొక్కు మాత్రం ఏటా ఆషాఢంలో లక్షలమంది తీరుస్తున్నారు.

సిపాయి సహనానికి కూడా హద్దుండేది. 1806లో బొట్టు పెట్టుకోరాదని, గడ్డం తీయాలని, కొత్తరకం టోపీ పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఇటు సికింద్రాబాదులోనూ అలజడి లేచింది. అయితే ఇక్కడి సేనాపతి మాంట్రెసర్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవడంతో చల్లారింది.

పక్క ఊరి యుద్ధం

1839లో యుద్ధం మన ఎదుటి ఒడ్డుకే వచ్చింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు పోగుచేస్తున్నాడని కుంఫిణీకి అనుమానం కలిగింది. కర్నల్ డైస్ నాయకత్వాన సైన్యం కర్నూలు చేరింది. అక్టోబరు 18న పక్కనే ఉన్న జోరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. తిరుచినాపల్లిలో బందీగా ఉండి 1840లో హత్యకు గురయ్యాడు. కర్నూలు కుంఫిణీ పాలనలో కలిసిపోయింది. నవాబు కప్పం కట్టించుకున్నంతకాలం పరోక్షంగా ఉన్న సరిహద్దు దీనితో పూర్తిగా గట్టిపడింది.

అప్పుడు మన ఊళ్ళు వనపర్తి సంస్థానంలో ఉండేవి. ఆ సంస్థానానికి మొదటి పేరు మన పక్కనున్న సూగూరుదే. రాజా రామేశ్వరరావు గారికి సొంత గుర్రపు దళం, కాల్బలం ఉండేవి. ఆయన కొలువులో ఆఫ్రికా జాతి హబ్షీ రౌతులు కూడా ఉన్నారు. 1866లో ఆయన పోయిన తరువాత ఆ రౌతులు నిజాం కొలువుకు చేరారు. హైదరాబాదులో ఏజీ ఆఫీసుకు పెన్షన్ కాగితాల పనిమీద తిరిగిన మనందరికీ దగ్గర్లోనే ఉన్న ఏ.సి. గార్డ్స్ తెలుసు. ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుండి వచ్చింది. వనపర్తి రౌతుల బస అది.

రెండో బిల్లు

దత్త మండలాలతో ఖర్చు తీరిందనుకుంటే పొరపాటు. ఆంగ్లేయ అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం తయారైంది. దాని జీతాలు కూడా నిజామే ఇవ్వాలి. డబ్బు చాలక పామర్ కంపెనీ దగ్గర అప్పు చేశారు. ఆ అప్పు తీర్చడానికి 1823లో, ఉత్తర సర్కారుల కోసం కుంఫిణీ ఏటా నిజాముకు ఇస్తున్న 7 లక్షల రూపాయల పేష్కష్ శాశ్వతంగా వదులుకున్నారు. అయినా బకాయి పేరుకుంది. 1853లో బేరారు, నల్దుర్గం, రాయచూరు అంతర్వేది జిల్లాలను జీతాల కింద ఆంగ్లేయులకు అప్పగించారు.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆంగ్లేయుల ఫిరంగులు వారిని చెదరగొట్టాయి. నిజాం సొమ్ముతో నడిచిన కంటింజెంట్ దళాలు మధ్యభారతంలో తిరుగుబాటును అణచడానికి వెళ్ళాయి. దానికి మెచ్చి 1860లో రాయచూరు, నల్దుర్గం తిరిగి ఇచ్చారు, 50 లక్షల బాకీ కొట్టివేశారు. బేరారు మాత్రం రాలేదు. 1902లో దాన్ని సాలుకు 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద రాయించుకున్నారు. మరుసటి ఏడు కంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోయింది.

ఆ పటాలాల చరిత్ర అక్కడితో ఆగలేదు. దక్కన్ హార్స్ రౌతులు 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో బల్లేలు పట్టి దూకారు. కంటింజెంట్ కాల్బలం నుండి ఏర్పడిన 19వ హైదరాబాద్ రెజిమెంటు పేరు 1945లో కుమావున్ రెజిమెంటుగా మారింది. స్వతంత్ర భారతంలో మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ రెజిమెంటువారే. పరాయివాడి కోసం పుట్టిన సైన్యం చివరకు దేశం కోసం నిలబడింది. సిపాయి ధైర్యాన్ని మనం ఎన్నడూ తక్కువ చేయరాదు. తప్పు అతనిది కాదు. అతని జీతం ఎవరు ఇస్తారు, అతని మీద ఆజ్ఞ ఎవరిది అనే రెండూ వేరువేరు చేతుల్లో పడడం వల్ల వచ్చిన చేటు ఇది. డబ్బు మనది, హుకుం వారిది. ఆ డబ్బు చివరకు వచ్చింది రైతు కట్టిన శిస్తు నుంచే.

మళ్ళీ అదే నది

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న రెండు ఒడ్డులూ ఆంధ్రప్రదేశ్ కింద ఒకటైనాయి. 1800లో వేసిన గీత 156 ఏళ్ళకు చెరిగింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు తుంగభద్రే మళ్ళీ సరిహద్దు అయింది. ఈసారి అది ప్రజలు కోరుకున్నది, పార్లమెంటు చట్టం చేసినది. రెండూ ఒకటి కావు. కానీ గీత అక్కడే ఎందుకు పడిందని మనుమలు అడిగితే, 1800 నాటి జీతాల బిల్లు దాకా వెనక్కి పోయి చెప్పవలసిందే.

ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినం జరుపుకుంటాం. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అంటే దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది. ఆ నకారా గారు కూడా రక్షణ శాఖ ఆర్థిక విభాగంలో పనిచేసి విరమించినవారే. ఏడు రూపాయల కోసం ఎండలో కవాతు చేసిన సిపాయికి, అతని 'పెన్షన్ బాయ్' కొడుకుకు అలాంటి హక్కు లేదు. ఇస్తే తీసుకోవాలి, ఆపేస్తే ఊరుకోవాలి. మనకు అడిగే హక్కు ఉంది, అడగడానికి సంఘం ఉంది.

ఈసారి బీచుపల్లి వంతెన మీద నాణెం వేసేటప్పుడు పక్కనున్న మనుమడికి ఈ కథ నాలుగు ముక్కల్లో చెప్పండి. హాలీ, కల్దారు లెక్క కూడా చెప్పండి. ఆ లెక్క తెలిసినవాళ్ళం మనతోనే ఆగిపోకూడదు.