తేరు మీద గాంధీ పటం

గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల మధ్య, దక్షిణాన సముద్రం హద్దుగా ఉన్న లంక కోనసీమ. అందులో గౌతమి ఒడ్డున వాడపల్లి ఉంది. ఇక్కడి వేంకటేశ్వరుడి మూర్తి ఎర్రచందనపు కొయ్యది. ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణల మొక్కుతో భక్తులు వస్తారు.

ఈ ప్రశాంతమైన ఊళ్లోనే 1931 మార్చి 30న, చైత్రమాసపు రథోత్సవంలో నెత్తురు చిందింది. గాంధీ–ఇర్విన్ ఒడంబడిక కుదిరి నెలైనా కాలేదు. తేరు మీద స్వామితోపాటు గాంధీ పటం పెట్టారు. పోలీసులు తీయమన్నారు, జనం ససేమిరా అన్నారు. కాల్పుల్లో నలుగురు నేలకొరిగారు. చేతిలో తేరు మోకు తప్ప ఆయుధం లేని భక్తులపై జరిగిన ఘోరమిది. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారి బృందం గురిపెట్టింది పోలీసు అధికారి ముస్తఫా అలీఖాన్‌నే. వాడపల్లి కాల్పులతో ముడిపడిన పేరది.