గొడ్డలి మనది, ధర ఎవరిది? కోహీర్ తండాల్లో కట్టెలు కొట్టుడు కథ

పోస్ట్ కొంచెం పొడుగుంది, ఓపికగ చదవండి.

చలికాలం వచ్చిందంటే మన కోహీర్ పేరు టీవీల్లో వస్తది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఊర్ల లిస్టులో చాలాసార్లు మనమే ముందుంటం. ఆ చలిల పొద్దుగాల నాకు గుర్తొచ్చేది గొడ్డలి చప్పుడు. చెరుకు కొట్టే పని లేని రోజుల్లో మా బాపు గండ్రగొడ్డలి భుజాన ఏసుకుని ఊర్లెకు పోయేటోడు. పెళ్లిళ్లున్న ఇండ్లల్ల, హోటళ్ల ముందల, పెద్ద రైతుల దొడ్లల్ల మొద్దులు పలగ్గొట్టి సాయంత్రానికి ఇన్ని పైసలు, ఒక మూటెడు పేళ్లు తెచ్చేటోడు. ఆ పైసలతో నా నోటు పుస్తకాలు వచ్చినయి. ఆ పేళ్లతో మా యాడి రొట్టెలు చేసింది.

కాలేజీ ఫారం మీద తండ్రి వృత్తి అన్నకాడ నేను ఎప్పుడూ 'వ్యవసాయం' అనే రాసిన. 'కట్టెలు కొట్టుడు' అని ఒక్కసారి గూడ రాయలె. సిగ్గు కొంత, అది ఒక పనేనా అనే ఆలోచన కొంత. ఇప్పుడు చరిత్ర పుస్తకాలు చదువుతుంటే అర్థమైతున్నది, ఆ గొడ్డలి దెబ్బ ఎనుక మనోళ్ల రెండు మూడు వందల ఏండ్ల కథ ఉన్నదని.

మొదలు ఎద్దుల కాడినుంచి చెప్పాలె. మన లంబాడోళ్లు అప్పట్ల కట్టెలు అమ్మి బతికినోళ్లు కాదు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట దేశమంతా తిరిగినోళ్లు. దక్కన్ మీదికి వచ్చిన మొఘల్ ఫౌజులకు తిండిగింజలు అందించింది మన బిడారులే. షాజహాన్ కాలంల ఆసఫ్ ఖాన్ మన నాయకులు భంగీ, జంగీలకు రాగిరేకు మీద హక్కులు రాసిచ్చిండని ఒక కథ మనోళ్లల్ల తరతరాలుగా ఉన్నది, ఇంగ్లీషు అధికారులు గూడ రాసుకున్నరు. దాని ప్రకారం ఫౌజు దారిల కుండల నీళ్లు, ఇంటి కప్పు మీది గడ్డి గూడ మనోళ్లు తీసుకోవచ్చు. నిజమెంతో, కథెంతో గానీ ఒక్క విషయం అందుల తెలుస్తది. దిగినకాడ నీళ్లు, మేత, పొయ్యికట్టె అడగకుండ తీసుకునే బతుకు మనది.

రైలు వచ్చినంక ఆ బతుకు పోయింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో నడిచింది. తర్వాత వికారాబాద్ నుంచి బీదర్ దిక్కు పట్టాలు పడ్డయి. మన 'కోహీర్ దక్కన్' స్టేషన్ ఆ లైను మీదిదే. వెయ్యి ఎద్దులు మోసేది ఒక బండి గుంజుకపోతుంటే ఎద్దులోని దగ్గరికి ఎవరొస్తరు? మనోళ్లు ఎద్దులు అమ్ముకుని అడవి అంచుల్ల, గుట్టల కింద తండాలు కట్టుకున్నరు. ఉన్న పనిముట్లల్ల గొడ్డలి ఒకటి. గట్ల సురువైంది.

కానీ అప్పటికే అడవి సర్కారుది అయిపోయింది. బ్రిటిష్ ఇండియాల 1878 చట్టంతోని రిజర్వు అడవులు అన్నరు, నిజాం రాజ్యంల గూడ అదే దారి. ఆదిలాబాద్ దిక్కు గోండు, కోలాం అన్నలు పశువుల మేతకు, కట్టెకు గూడ పన్ను కట్టాల్సి వచ్చింది. బంబ్రాం, దూపపెట్టి అనే పేర్లు మీరు వినే ఉంటరు. జల్, జంగల్, జమీన్ అని కొమురం భీం లేచింది ఆ బాధల నుంచే. 1940ల జోడేఘాట్‌ల ఆయన ప్రాణమిచ్చిండు. చెట్టు సర్కారుదైతే దాని కింద ఎండుపుల్ల ఏరుకున్నోడు దొంగ అయిండు.

ఇంకో దిక్కు వెట్టి. దొర గడీకి కట్టెలు కొట్టి, మోసి, పొయ్యికాడ పేర్చుడు వెట్టి పనులల్ల ఒకటి. దానికి కూలి లేదు, లెక్క లేదు. అప్పు పేరు మీద తండ్రి కట్టువడితే కొడుకు తీర్చాలె, దాన్నే భగేలా అన్నరు. 1936ల నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద నియమాలు తెచ్చింది గానీ అవి కాగితం మీదనే ఎక్కువ ఉన్నయి. వెట్టి నడుము విరిగింది 1946 నుంచి 1951 దాక నడిచిన సాయుధ పోరాటంల. ఆ పోరాటం ఎక్కువగ నల్గొండ, వరంగల్ దిక్కు. అప్పట్ల మన జహీరాబాద్ ప్రాంతం బీదర్ జిల్లాల ఉండె. కానీ ఆ పోరాటంల ముందు నిలబడ్డోళ్లల్ల మనోడు ఒకడున్నడు, ధర్మాపురం జాటోత్ ఠానూ నాయక్. ఆ పేరు మనం మర్చిపోవద్దు.

అంటే ఒక్కటే గొడ్డలి దెబ్బ. దొర దొడ్లె పడితే వెట్టి. అడవిల పడితే దొంగతనం. అది కూలి ఎప్పుడైంది?

నాకు అర్థమైనంత వరకు, కాదనే బలం వచ్చిననాడు అయింది. ఆ బలం ఒక్కరోజుల రాలె, మెల్లమెల్లగ వచ్చింది. 1948ల కనీస వేతనాల చట్టం వచ్చింది. 1956ల రాష్ట్రాలు మళ్ల గీసినప్పుడు జహీరాబాద్ తాలూకా చాలా భాగం, నారాయణఖేడ్ తాలూకా బీదర్ నుంచి మెదక్‌ల కలిసినయి. ఆ గీత మన తలరాత మార్చింది. 1976 సవరణ చట్టంతోని తెలంగాణ లంబాడోళ్లు ఎస్టీ జాబితాల చేరిండ్రు. గీత అవతల కర్ణాటకల ఉన్న మన చుట్టాలు ఎస్సీలు, మహారాష్ట్రల ఉన్నోళ్లు విముక్త జాతులు. హాస్టలు, స్కాలర్‌షిప్ మనకు అందింది ఆ 1976 మలుపుతోనే. అదే 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం గూడ వచ్చింది, పాత అప్పు చూపి పని చేయించుకునుడు నేరమైంది.

అప్పటినుంచి కట్టెలు కొట్టుడు పక్క సంపాదన అయింది. ఖరీఫ్ పని అయినంక, చెరుకు కొట్టెటందుకు పోయేలోపట, పోయి వచ్చినంక, నడుమ దొరికిన రోజులల్ల చేసే పని. గుత్తకు మాట్లాడుకునుడు ఉండె, తూకం లెక్క ఉండె, రోజు కూలి మీద ఒక పూట తిండి ఉండె. పేళ్లు, బెరడు కొట్టినోడివే అనేది చాలాకాడ నోటిమాట ఒప్పందం.

చూసెటోళ్లకు ఇది మొద్దు పని అనిపిస్తది. కాదు. బాపు మొద్దును ముందు చుట్టూ తిరిగి చూసేటోడు. ముడి ఎక్కడుంది, నెర్రె ఎటు పోయింది అని. పెద్ద మొద్దుకు నడిమిట్ల కొట్టకుండ అంచు నుంచి చెక్కలు తీసుకుంట వచ్చేటోడు. పచ్చిగ ఉన్నప్పుడే తుమ్మను పలగ్గొట్టాలె, ఎండితే గొడ్డలే ఎగిరి మీదికొస్తది అనేటోడు. ముడి ఉన్నకాడ నెర్రెల ఇనుప మేకు పెట్టి సమ్మెటతోని దించేటోడు. కాళ్లు ఎడంగ పెట్టకపోతే ఒక్క దెబ్బ తప్పినా కాలు పోతది. బాపు ఎడమకాలి మడమ మీద మచ్చ అట్లాంటిదే. ఆరోజు ఆ ఇంటోళ్లు పసుపు పెట్టి కట్టు కట్టిండ్రు గానీ సగం రోజు కూలే ఇచ్చిండ్రు.

మళ్ల ధర ముచ్చటకే వస్త. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాలల్ల మన మెదక్ ఉన్నది. మా తండాల దాని అసలు ఫలితం కట్టెలకాడ కనిపించింది. "గింతే ఇస్త, కొడ్తె కొట్టు" అని ఒకరంటే, "కరువు పనికి పోత పటేలా" అని బాపు మొదటిసారి తిరిగొచ్చిండు. తెల్లారి వాళ్లే పిలిచి ధర పెంచిండ్రు. బాపు చేతిల గొడ్డలి మారలె, మారింది ఇంకో పని ఉన్నదనే ధైర్యం.

అదే 2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందుల చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్ల వెదురు, తేనెతో పాటు పొదకట్టె, చెట్టు మోళ్లు గూడ ఉన్నయి. హక్కు గుర్తించినకాడ వాటిని ఏరుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నిలబడ్డ చెట్టు నరుకుడు మాత్రం అందుల రాదు. పట్టా భూమిలనైనా చాలా చెట్లకు 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలె. ఎవరైనా "చెట్టు కొట్టి చీల్చి ఇయ్యి" అంటే అనుమతి కాగితం అడుగుడు మన హక్కు. లేకపోతే కేసు గొడ్డలి పట్టినోడి మీదికొస్తది, పైస ఇచ్చినోడు పక్కకు జరుగుతడు.

ఇప్పుడు గ్యాస్ వచ్చింది, 1999ల దీపం, 2016ల ఉజ్వల. 2011 జనాభా లెక్కల్ల దేశంల పల్లె ఇండ్లల్ల నూటికి 62 కట్టెల మీదనే వండుకున్నయి, ఇప్పుడు తగ్గింది. కోత మిషన్ ఒక గంటల బాపు రోజు పనిని చేస్తది. పెళ్లి దావతుల దేగ్‌ల కింద, చావుకాడ, చలిమంటకాడ ఇంకా కట్టె ఉన్నది. ఆ పని ఇంకో పదేండ్లు ఉంటదో లేదో. పోతే పోనీ, అంత కష్టం మన పిల్లలకు ఒద్దు. కానీ అది చేసి మనల్ని చదివించినోళ్ల లెక్క పోవద్దు.

అందుకే ఒక మాట అడుగుత. ఈసారి తండాకు పోయినప్పుడు తాతనో, బాపునో, యాడినో కూసోబెట్టి అడగండి. ఎవరి దొడ్లె కట్టెలు కొట్టిండ్రు, ఎంత ఇచ్చిండ్రు, ఏనాడు ఇయ్యలె, ఏనాడు కాదన్నరు. తారీఖు తెల్వకపోతే "కరువచ్చిన ఏడు", "తండాకు కరెంటొచ్చిన ఏడు" అని రాసుకోండి. మన చరిత్ర రాగిరేకు మీద ఒక్కసారే రాసిండ్రంటరు. మిగిలింది మనమే రాసుకోవాలె.

ఇప్పుడు తమ్ముని అడ్మిషన్ ఫారం నింపుతున్న. తండ్రి వృత్తి అన్నకాడ రాసిన: వ్యవసాయం, కట్టెలు కొట్టుడు.