కొమ్ముల టోపీ, ఇబ్నె ఫద్లాన్ గవాహీ

పోయిన చలికాలం పులివెందుల నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "భాయిజాన్, నీ భాంజాకు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ అంట. థోర్ వేషం కావాలని ఏడుస్తాండాడు. సుత్తి, ఎర్ర చాదర్, కొమ్ముల టోపీ. నువ్వే కుట్టియ్యాల."

అబ్బా కుట్టుమిషను జమ్మలమడుగులో అమ్మీ దగ్గరే ఉంది. నేనుండే ప్రొద్దుటూరులో గుడ్డకు కొదవ లేదు. మూడు గజాల మఖ్మల్ కొనుక్కుని ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కాను.

అమ్మీ గుడ్డ చూసి ముచ్చటపడింది. థోర్ ఎవరని అడిగింది. ఉత్తర దేశాల వాళ్లు ఒకప్పుడు కొలిచిన ఉరుముల దేవుడని చెప్పాను. వెంటనే గుడ్డ మడిచి పక్కన పెట్టేసింది.

"మన బచ్చాకు వద్దు."

"అబ్బా జిందగీ అంతా నాటకాల కృష్ణునికి కోట్లు కుట్టలేదా అమ్మీ?"

"కుట్టినాడు. తొడుక్కోలేదు."

నాకు జవాబు దొరకలేదు. మా అబ్బా చుట్టుపక్కల పల్లెల పద్యనాటకాలకు పోషాక్ కుట్టేవారు. రాముడికి, దుర్యోధనుడికి కూడా ఆయన చేతి కొలతే. అస్తర్ వేసిన మఖ్మల్ కోటు, అంచుకు జరీ, ఛాతీ మీద చమ్కీ. ఆ మాటల పుట్టుక చూడండి. జర్ అంటే ఫార్సీలో బంగారం. దర్జ్ అంటే కుట్టుగీత, దాని నుంచే దర్జీ. పురాణాల కాలంలో కత్తిరించి కుట్టిన మఖ్మల్ కోట్లు ఎక్కడివి? దర్బారు లిబాస్, పార్సీ నాటక కంపెనీల తళుకు, రవివర్మ బొమ్మలు, అన్నీ కలిసి మన స్టేజీ దేవుళ్లకు బట్టలిచ్చాయి. దేవుడు ఎట్లా ఉంటాడో జనం కళ్లకు అలవాటు చేసింది చాలావరకు దర్జీలే అని నా ఖయాల్.

సురభి నాటకాలు పుట్టింది కూడా మన జిల్లాలోనే. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి ఊరుంది. తోలుబొమ్మలాడించే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు 1885లో అక్కడ మనుషులతో ఆడించిన మొదటి నాటకం 'కీచక వధ'. జనం చెప్పుకునే ఆ కహానీలో భీముడు ఆడవేషం వేసుకుని చీకట్లో కీచకుడి కోసం కాచుకుంటాడు. థోర్‌కూ ఇట్లాంటి కహానీ ఉంది. రాక్షసుడొకడు అతని సుత్తి దొంగిలించి, ఫ్రేయా అనే దేవతను పెళ్లి చేస్తేనే ఇస్తానంటాడు. థోర్ దుల్హన్ వేషంలో ముఖం మీద ముసుగేసుకుని పోతాడు. దావత్‌లో ఒక ఎద్దును ఒక్కడే తినేస్తాడు. సుత్తి చేతికి రాగానే రాక్షసుణ్ని చంపుతాడు. ఇది చెబితే అమ్మీ నవ్వింది, కానీ గుడ్డ మాత్రం తియ్యలేదు.

ఇక కొమ్ముల సంగతి. అవీ ఒక స్టేజీ పోషాక్ పనే. 1876లో జర్మనీలోని బైరాయిత్‌లో వాగ్నర్ సంగీత నాటకాలకు కార్ల్ ఎమిల్ డోప్లర్ అనే చిత్రకారుడు దుస్తులు గీశాడు. కొన్ని శిరస్త్రాణాలకు రెక్కలు, కొన్నింటికి కొమ్ములు పెట్టాడు. ఆ తర్వాత వైకింగ్ అంటే కొమ్ములే అయిపోయింది. నార్వేలో జెర్ముండ్‌బూ అనేచోట 1943లో అసలు వైకింగ్ కాలపు ఇనుప శిరస్త్రాణం దొరికింది. గుండ్రంగా ఉంది, కళ్ల చుట్టూ కవచం ఉంది, కొమ్ముల్లేవు. డెన్మార్క్‌లో దొరికిన కొమ్ముల కంచు శిరస్త్రాణాలు వైకింగులకంటే సుమారు 1,700 ఏళ్ల ముందువి.

మరి వాళ్లు నిజంగా ఏం తొడిగారు? కళ్లారా చూసి రాసిపెట్టిన గవాహీ ఒక ముసల్మానుది. ఖలీఫా ముఖ్తదిర్ పంపితే అహ్మద్ ఇబ్నె ఫద్లాన్ హిజ్రీ 309 సఫర్ నెలలో, అంటే 921 జూన్‌లో, బగ్దాద్ నుంచి బయలుదేరాడు. 922 మే నెలలో వోల్గా నది ఒడ్డున బుల్గార్ల రాజు దగ్గరికి చేరాడు. అక్కడ తిజారత్ కోసం వచ్చిన ఉత్తరాది రూస్ జనాన్ని చూశాడు. ఖర్జూరపు చెట్లంత పొడవు, మగవాళ్లు ఒంటికి ఒకవైపు కప్పుకుని ఒక చెయ్యి బయట ఉంచుకునే కిసా, ప్రతివాడి దగ్గరా గొడ్డలి, కత్తి, బాకు. ఆడవాళ్ల మెడలో వెండి బంగారు కడ్డీలు. వాళ్లంతా ఒకే తొట్టి నీళ్లలో ముఖం కడుక్కోవడం చూసి ఆయనకు రోత పుట్టింది. అమ్మీ ఇక్కడ "తౌబా తౌబా" అంది.

చనిపోయిన సర్దారుకు వాళ్లు వేసిన బట్టలు కూడా ఆయన ఒక్కొక్కటిగా చెప్పాడు. షల్వారు, మేజోళ్లు, బూట్లు, ఖుర్తక్, బంగారు గుండీలున్న దీబా ఖఫ్తాన్, జంతువు బొచ్చు కుట్టిన దీబా టోపీ. దీబా అంటే పూలు నేసిన పట్టు. ఖుర్తక్ మన కుర్తాకు చుట్టమే. ఈ సఫర్‌నామా పాత ప్రతి 1923లో ఇరాన్‌లోని మష్‌హద్‌లో బయటపడింది. నార్వేలో 1904లో తవ్విన ఓసెబెర్గ్ ఓడ సమాధిలోనూ తూర్పు దేశాల పట్టు ముక్కలు దొరికాయి. మన వైపు వెండి దిర్హములు ఆ దేశాల్లో వేలకు వేలు తేలాయి. కొన్నింటికి కొక్కెం పెట్టి మెడలో వేసుకున్నారు.

"ఆ నాణేల మీద ఏముంటుంది?" అని అమ్మీ అడిగింది.

"కలిమా అమ్మీ. లా ఇలాహ ఇల్లల్లాహ్."

అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మఖ్మల్ తనే విప్పింది. "దేవుడు వద్దు. నీ ఇబ్నె ఫద్లాన్ చూసిన సర్దారును కుట్టు."

ఖఫ్తాన్ కత్తిరించాను. ముందు తెరిచి మోకాళ్ల కింది దాకా, చేతులు పొడుగు, అంచుకు నాలుగు వేళ్ల జరీ. పిల్లోడి కొలతకు రెండంగుళాలు వదులు పెట్టి, లోపల పాత దుప్పటితో అస్తర్ వేశాను. గుండీలు ప్రొద్దుటూరులో కొన్న ఇత్తడివి. టోపీకి బొచ్చు అంటే అమ్మీ తన పాత శాలువా కుచ్చులు కోసిచ్చింది. మెడలో అట్టముక్కకు వెండి కాగితం చుట్టిన దిర్హము. దాని మీద కలిమా మాత్రం రాయనివ్వలేదు. ఆడుకునే వస్తువు మీద ఆ పాక్ అక్షరాలెందుకంది. ఆమె మాటే సహీ.

మా భాంజా పెట్టె తెరిచి మొదట కొమ్ముల కోసం వెతికాడు. లేవని ఆ రాత్రి అన్నం తినలేదు. నేను పులివెందులలోనే ఆగిపోయి ఇబ్నె ఫద్లాన్ సఫర్ మొత్తం చెప్పాను. మంచు ఎట్లా కురిసిందో, గడ్డం ఎట్లా గడ్డకట్టిందో చెప్పేసరికి నిద్రపోయాడు.

ఇనామ్ వేరే పిల్లోడికి వచ్చింది, అట్టకొమ్ముల వాడికే. స్టేజీ మీద టీచరమ్మ "నీ కొమ్ములేవి నాన్నా?" అని అడిగితే, మావాడు మైకు పట్టుకుని "బగ్దాద్ ఆయన చూసినప్పుడు లేవు మేడం" అన్నాడట. చెల్లెలు ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. వచ్చే ఏడు వాడికి ఇబ్నె ఫద్లాన్ వేషమే కావాలట. ఖఫ్తాన్ సరిపోతుంది, చేతులు మాత్రం రెండంగుళాలు పొడిగించాలి. మిగిలిన మఖ్మల్‌తో అమ్మీ తన ఖురాన్‌కు జుజ్దాన్ కుట్టుకుంది, అందుకని పొడిగించడానికి గుడ్డ మళ్లీ కొనాలి.